జీపా, జిప్సీయా

దాలయ్యకి బండి నడపడం రాదు. అరవైకి దగ్గరపడినా సైకిలు తప్ప మరొకటి తొక్కి ఎరగడు. అలాంటి మనిషి ఉన్నట్టుండి ఇసుకలో నడిచే ఫోర్ వీల్ డ్రైవ్ బండికి బేరం పెట్టాడని తెలిసేసరికి పేటలో నవ్వనివాడు లేడు. తా దూర కంత లేదు, మెడకో డోలు అని కుళాయి దగ్గర ఆడవాళ్లు చెప్పుకున్నారు. చెప్పుకోనివ్వండి, వాళ్ల సొమ్మేం పోయింది. ఇసుకలో కూరుకుపోయి కూర్చునేది వాళ్ల బోటు కాదు కదా.

రుషికొండ దాటి కొంత దూరం పోయాక రోడ్డుకి దిగువన ఉంటుంది ఆ జాలరిపేట. హార్బరు లేదు, జెట్టీ లేదు. వేట ముగించుకొచ్చిన బోటు కెరటం మీద వచ్చి ఇసుకలో ముక్కు గుచ్చుకుని ఆగిపోతుంది. అక్కడి నుంచి గట్టు మీదికి మనుషులే లాగాలి. కింద దుంగలు వేసి, ముందు తాడు కట్టి, వెనక భుజాలు ఆనించి లాగితే పదిమంది పని అది. ఇద్దరికి కదలనే కదలదు. నలుగురికి కదిలినట్టే ఉంటుంది గాని మళ్లీ చూస్తే అక్కడే ఉంటుంది.

ఆ పనికి కూలి లేదు. బోటు ఎక్కించాక బోటువాడు ఇసుక మీద చేపలు కుప్పలు పెడతాడు. తాడు పట్టిన ప్రతి చేతికీ కూరకని ఒక కుప్ప. ఎంత బలం పెట్టావని ఎవరూ అడగరు. కండలు తిరిగిన కుర్రాడికీ అదే కుప్ప, ఊరికే చెయ్యి ఆనించిన ముసలమ్మకీ అదే కుప్ప. తాడు ముట్టుకోనివాడికి మాత్రం ఎదురుగా నిలబడ్డా ఇవ్వరు, ఇచ్చినా వాడు పుచ్చుకోడు. దీనికి ఇంకో కట్టు కూడా ఉంది. తాడుకి పిలుపులు లేవు. బోటు కనబడితే ఎవరంతట వాళ్లు రావాలి, కేకేసి పిలిచి లాగించుకోవడం బోటువాడికి తక్కువ. ఇవన్నీ ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు.

దాలయ్య బోటుకి కుప్పలు పెట్టే పని భార్య గంగాభవానిది. నోరు గల మనిషి. నీ ఒళ్లు చూస్తే ఏనుగు, లాగుడు చూస్తే దోమ అని కుర్రాళ్లని ఆటపట్టిస్తూ పంచేది, వాళ్లు కూడా ఆవిడ చేత నాలుగు మాటలు పడడానికే వచ్చేవాళ్లేమో అనిపించేది. ఆవిడ మూడేళ్ల కిందట కామెర్లతో పోయింది. పిల్లలు లేరు. అప్పటి నుంచీ దాలయ్య ఇంట్లో పొయ్యి చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. వండుకుంటాడు, తింటాడు, గిన్నె కడిగి బోర్లిస్తాడు. టీవీ ఉంది గాని, ఒక్కడే కూర్చుని నవ్వితే తన నవ్వు తనకే అదోలా వినబడుతుందని కట్టేశాడు. రోజు మొత్తం మీద పక్కన ఇంకో మనిషి ఊపిరి తగిలేది ఆ తాడు దగ్గరే. అందుకే చేపలు పడని రోజున కూడా బోటు ఒడ్డుకి వస్తుంటే అతని ప్రాణం లేచి వచ్చేది.

ఆ తాడు దగ్గరే ఇప్పుడు మనుషులు పలచబడ్డారు. కొందరు పట్నం హార్బరులో పెద్ద బోట్ల మీదికి పోయారు. కొందరు గుజరాతు వెళ్లి వెరావల్‌లో ఏడాదికి ఎనిమిది నెలలు ఉండిపోతున్నారు. ఉన్నవాళ్లలో సగం మంది కొండ మీద లేచిన ఆఫీసుల గేట్ల దగ్గర యూనిఫారాలు వేసుకుని నిలబడుతున్నారు. వాళ్లని అనడానికేముంది, నెల తిరిగేసరికి జీతం వస్తుంది, తుఫాను హెచ్చరికకి ఆగదు. ఏమైతేనేం, పొద్దున్నే బోటు ఒడ్డు తాకితే వచ్చేది ఇద్దరు ముగ్గురు ముసలాళ్లు, రాత్రి డ్యూటీ దిగి నిద్రకళ్లతో నడిచొచ్చే ఒకరిద్దరు. బోటు గట్టెక్కేసరికి ఎండ బాగా ఎక్కేది.

దాలయ్యతో వేటకి వచ్చేది అతని బామ్మర్ది గణేష్. గంగాభవాని తమ్ముడు. చీకటితో వేటకి వచ్చి, తొమ్మిదింటికల్లా తనూ ఒక ఆఫీసు గేటు దగ్గర నిలబడాలి. బోటు ఎక్కదు, టైము ఆగదు. రోజూ ఆలస్యమే, రోజూ చీవాట్లే. పోయిన అక్క మొహం చూసి ఇన్నాళ్లూ ఓర్చుకున్నాడు. ఒకరోజు ఇసుకలోనే కూలబడి, తడి బట్టలతోనే తేల్చేశాడు.

“బావా, లాగడానికి ఏదైనా బండి కొను. నేదంటే నన్నొగ్గేయి.”

దాలయ్య సరేనన్నాడు. గణేష్ కూడా పోతే సముద్రం మీద సైతం తను ఒక్కడే. గంగాభవాని దాచిన సొమ్ము బ్యాంకులో పడి ఉంది, దాన్ని కదిపే ధైర్యం ఇన్నాళ్లూ చాల్లేదు గాని ఇక కదపక తప్పలేదు.

ఊళ్లో సంగతి ఊరికే పోదు. వారం తిరిగేసరికి రెండు బండ్లు వచ్చి వాలాయి. ఒకటి నాగవంశీ జీపు. నాగవంశీ అరకు కొండలకి టూరిస్టుల్ని తిప్పే కుర్రాడు, గణేష్‌కి స్నేహితుడు. కొత్తది కొనుక్కుంటూ పాతది అమ్మేస్తున్నాడు. నల్లటి జీపు, ఒళ్లంతా ఇనుమే. స్టార్ట్ చేస్తే పక్కింటి గిన్నెలు కదులుతాయి. రెండోది అల్తాఫ్ జిప్సీ. అల్తాఫ్‌కి పాత ఊళ్లో పూర్ణా మార్కెట్ వెనక షెడ్డు ఉంది. బోటు ఇంజన్లు బాగుచేస్తాడు, దాలయ్య ఇంజను ఇరవై ఏళ్లుగా అతని చేతిలోదే. మిలిటరీ వాళ్లు వేలం వేసిన బండిని కొని, నట్టు నట్టు విప్పి మళ్లీ బిగించి, ఆకుపచ్చ రంగు వేసుకుని ప్రాణంలా చూసుకున్నాడు. నాగవంశీకి జిప్సీ పేరెత్తితే నవ్వు. అల్తాఫ్‌కి జీపు పేరెత్తితే జాలి. ఇద్దరూ ఎదురుపడితే అత్తాకోడళ్లే.

మాటలెందుకు, ఆదివారం ఒడ్డు మీదే తేల్చుకుందాం అన్నాడు గణేష్.

ఆ ఆదివారం పేటంతా ఒడ్డునే ఉంది. గేట్ల దగ్గర నిలబడేవాళ్లకి సెలవు, పిల్లలకి బడి లేదు, ఆడవాళ్లకి వేడుక. ఎప్పుడూ గుమ్మం దిగని మంచాన పడ్డ ముసలాళ్లని సైతం మోసుకొచ్చి నీడన కూర్చోబెట్టారు. రోడ్డు మీద పోయే టూరిస్టులు కార్లు ఆపి దిగారు. ఒక జట్టు జీపు పక్షం, ఒక జట్టు జిప్సీ పక్షం. ఇంతమందిని ఒక్కచోట దాలయ్య గంగాభవాని శవం లేచిన రోజున చూశాడు, మళ్లీ ఇదే. ఆ తలపు వచ్చినందుకు తనని తనే తిట్టుకున్నాడు.

ముందు జీపు. ఇనుప తీగ బోటు ముక్కుకి తగిలించి నాగవంశీ స్టీరింగ్ పట్టాడు. జీపు ఒక్కసారి గుర్రుమని, ఆపకుండా, తడబడకుండా బోటుని గట్టు మీదికి ఈడ్చుకుపోయింది. వెనక్కి వెళ్లిన కెరటం మళ్లీ వచ్చి చూసేసరికి అక్కడ బోటు లేదు. కుర్రాళ్లు ఈలలు వేశారు. అంతే, అయిపోయింది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు, వేసే పని పడలేదు.

జిప్సీకి కూడా పరీక్ష పెట్టాలి కాబట్టి బోటుని మళ్లీ నీళ్లలోకి దించారు. అల్తాఫ్ నాలుగు చక్రాల దగ్గరా గొంతుక్కూర్చుని, పెళ్లికూతురి జడ విప్పినంత నిదానంగా, ఇసుకలో దిగబడకుండా గాలి తగ్గించాడు. తేలికైన బండి, ఇసుక మీద పీతలా అటూ ఇటూ పరుగెత్తింది. జనం మెచ్చుకున్నారు. బోటు తగిలించాక తెలిసింది కష్టం. సగం దూరం లాక్కొచ్చి, తడి ఇసుక దాటే చోట చక్రాలు ఉత్తినే తిరగడం మొదలెట్టాయి. నాగవంశీ చప్పట్లు కొట్టాడు. అల్తాఫ్ సిగ్గుపడలేదు, కిటికీలోంచి తల బయటపెట్టి బోటు వెనక నలుగుర్ని చెయ్యి వెయ్యమన్నాడు. నలుగురంటే పదిహేనుమంది దిగారు. దాలయ్య కూడా వెళ్లి భుజం ఆనించాడు. ఒక పక్క గణేష్, మరో పక్క ఎవరో కుర్రాడు, వెనక నుంచి ఎవరో తోస్తున్నారు, ఎవరో కాలు తొక్కారు, ఎవరో బూతు తిట్టారు, అందరూ నవ్వారు. బోటు కదిలింది. దాలయ్య కూడా నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ ఇసుకలో బోర్లా పడ్డాడు, లేపడానికి నాలుగు చేతులు వచ్చాయి.

అందరిదీ ఒకే తీర్పు. జీపే. ఇందులో ఆలోచించడానికి ఏముందన్నారు. గణేష్ అప్పటికే నాగవంశీ భుజం మీద చెయ్యి వేశాడు. దాలయ్య చేపలు కుప్పలు పెడుతూ, తల ఎత్తకుండా అన్నాడు, “ఇంకోపాలి సూద్దాం.”

ఆ తరవాతి ఆదివారం వల బరువుతో చూద్దామన్నాడు. ఆ పై ఆదివారం నీళ్లు వెనక్కి తగ్గిన ఆటు మీద చూడాలన్నాడు. ఇంకో ఆదివారం వాన కురిసి ఇసుక గట్టిపడింది కాబట్టి అది లెక్కలోకి రాదన్నాడు. పెళ్లిచూపులకి వెళ్లి పకోడీలు తిని, పిల్ల నచ్చిందో లేదో చెప్పకుండా వచ్చే పెళ్లికొడుకులు ఉంటారు చూడండి, సరిగ్గా ఆ వాటం. నిజం చెప్పాలంటే గురువారం నుంచే అతనికి హుషారు మొదలయ్యేది. పెద్ద ఫ్లాస్కు ఒకటి కొన్నాడు. ఒడ్డుకి వచ్చేవాళ్లకి టీ, బిస్కెట్లు. గంగాభవాని పోయాక మూలన పడ్డ స్టీలు గ్లాసులన్నీ తోమి బుట్టలో పెట్టుకున్నాడు. చక్రాల గాలి గురించి, గేర్ల గురించి కూడా కాస్త నేర్చుకుని, తెలిసినవాడిలా తల ఆడించడం మొదలెట్టాడు. బండి కొంటే ఈ ఆదివారాలు ఉండవని అతనికి తెలుసు. తెలిసే సాగదీశాడు, అందులో దాపరికం ఏమీ లేదు.

అయితే వేడుక ఎంతకాలమని వేడుకగా ఉంటుంది? జనం తగ్గారు. ఒక ఆదివారం క్రికెట్ మ్యాచి, ఒక ఆదివారం కూర్మన్నపాలెంలో ఎవరిదో పెళ్లి. ఫ్లాస్కులో టీ మిగిలిపోవడం మొదలైంది. నాగవంశీ మొహం మాడ్చుకుని, బాబాయ్ నా టైము వేస్టు సేత్తన్నావు అని అనేశాడు. గణేష్ మాట్లాడడమే మానేశాడు. చివరికి అల్తాఫ్ ఒక సాయంత్రం బోటు పక్కన కూర్చుని మిగిలిన టీ తాగుతూ అడిగాడు.

“దాలయ్య బావా, కోపం తెచ్చుకోకు. నీకు బండి కావాలా, ఆదివారం కావాలా?”

దాలయ్య గ్లాసులో ఇసుక పడిందేమో అన్నట్టు చూసి, అడుగున ఉన్న టీ పారబోశాడు. అల్తాఫ్ రెట్టించలేదు. తన తండ్రి నజీర్ అహ్మద్ సంగతి చెప్పాడు. ఇంట్లో అమ్మీ పోయాక అబ్బా రోజూ షెడ్డుకి వచ్చేవాడట, పనీ లేదు పాటా లేదు, పాత ఇంజను మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూసేవాడట. తనెప్పుడూ ఎందుకొచ్చావని అడగలేదన్నాడు. పోయేదాకా వచ్చాడన్నాడు. కాసేపాగి, జిప్సీకి ఇంకో బేరం తగిలింది, వచ్చే ఆదివారానికి మాత్రం తేల్చెయ్ బావా అని లేచాడు.

ఆఖరి ఆదివారానికి జనం పట్టుమని పదిమంది లేరు. గణేష్ ఇక జిప్సీ మాట ఎత్తనివ్వలేదు. జీపుతోనే లాగి, అక్కడికక్కడే ఖాయం చేసుకుందామన్నాడు. ఇనుప తీగ తగిలించారు. ఆ సమయంలో చిట్టమ్మ వచ్చి బోటు వెనక చెయ్యి వేసింది.

చిట్టమ్మ పేట చివర ఒంటిగదిలో ఉండే ముసలమ్మ. వయసులో ఉన్నప్పుడు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కి పూర్ణా మార్కెట్‌కి వెళ్లేది, బేరంలో మగవాళ్ల చేత నీళ్లు తాగించేది. మోకాళ్లు పోయాక అదీ లేదు, నా అన్నవాళ్లూ లేరు. ఏ బోటు ఒడ్డు తాకినా అందరికంటే ముందు బయల్దేరి అందరికంటే వెనక వచ్చేది. తాడు చివర పట్టుకునేది. ఆవిడ లాగినా ఒకటే, లాగకపోయినా ఒకటే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఒక్కరూ పైకి అనలేదు.

గణేష్ అన్నాడు. తప్పు పట్టలేం, తీగ తెగితే కాలు తెగుతుంది. దూరంగా జరుగు ముసలమ్మా, ఇక మనుసులక్కర్లేదు అన్నాడు. ఆవిడ చెయ్యి తీసేసి, వెనక్కి వెనక్కి నడిచి, ఎండలో నిలబడింది. జీపు గుర్రుమంది, బోటు గట్టెక్కింది. దాలయ్య అలవాటు చొప్పున కుప్పలు పెట్టబోయి ఆగాడు. ఎవరికని పెట్టాలి? తాడే లేదు. అయినా ఒక కుప్ప పెట్టి, చిట్టమ్మ కోసం తల తిప్పాడు. ఆవిడ అప్పటికే ఇల్లు చేరే దారి పట్టింది. బేరం ఖాయం చేద్దామని గణేష్ అంటే, రేపు చెబుతానన్నాడు.

సాయంత్రం ఆ చేపలు గిన్నెలో వేసుకుని ఆవిడ గుమ్మంలోకి వెళ్లాడు. మంచి కానాగంతలు. ఆవిడ గంజి వార్చుకుంటోంది. చేపల వైపు చూసింది గాని చెయ్యి చాపలేదు.

“నాను తాడు ముట్టుకోనేదు కదరా దాలయ్యా.”

“ఎవులూ ముట్టుకోనేదు కదత్తా, జీపు లాగింది. ఊరికే ఉంచు.”

“ఊరికే తీసుకుంటే దాన్నేటంటారో నీకు తెల్దా?”

దాలయ్యకి తెలుసు. ఆ మాట ఆవిడ నోటి వెంట రానివ్వకూడదని గిన్నె వెనక్కి లాక్కున్నాడు. చిట్టమ్మ గంజి గిన్నె పక్కన పెట్టి, చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. ఆవిడ గొంతులో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ బాధ అయింది.

“నా కోసం ఆగక, జీపే కొను నాయినా. సుకపడతావు. సేపల కోసం వత్తన్నాననుకుంటన్నావేటి? ఆ తాడు కాడ ఎవులో ఒకలు, సిట్టమ్మత్తా పడిపోతావు జాగర్త, అంటారు. రోజు మొత్తం మీద నా పేరు అక్కడే ఇనబడతాది.”

గిన్నె పట్టుకుని దాలయ్య ఇంటికి వచ్చాడు. వండబుద్ధి కాలేదు. అరుగు మీద కూర్చుని చేపలన్నీ ఒక్కొక్కటే పిల్లికి వేశాడు. మూడేళ్లుగా ఈ పేటలో ఒంటరివాణ్ణి తనొక్కడినే అనుకున్నాడు. తన దుఃఖం చూసుకోవడంలో పడి, తన తాడు చివరే పట్టుకుని నిలబడ్డ మనిషిని ఏనాడూ పేరు పెట్టి పలకరించిన పాపాన పోలేదు. సిగ్గేసింది. గంగాభవాని ఉంటే నాలుగు అంటించేది అనుకున్నాడు, అనుకోగానే ఏడుపు వచ్చింది, ఏడ్చాడు. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి ఆపుకోలేదు.

తెల్లారి అల్తాఫ్‌కి ఫోను చేసి జిప్సీ తెమ్మన్నాడు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. నాగవంశీ అయితే ఆ మెకానిక్కు ఏదో మందు పెట్టాడన్నాడు. గణేష్ కోపంతో ఊగిపోతూ వచ్చి, అంత చూసి, ఇన్ని ఆదివారాలు చూసి, లాగలేని బండిని కొనేవాణ్ణి ఏమనాలి బావా అని అడిగాడు. దాలయ్య వల కుట్టుకుంటున్నవాడు సూది ఆపాడు.

“జీపుకి మనుసులక్కర్లేదురా గణేసూ. దీనికి కావాల. అందుకే.”

గణేష్ అక్క ఫొటో వైపు చూశాడు. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, “మనుసులు రావాల కదా బావా,” అన్నాడు, మెల్లిగానే అన్నాడు.

వస్తారని దాలయ్య ధైర్యం. జిప్సీ వచ్చింది. అల్తాఫ్ దారిలో దర్గా దగ్గర ఆపి బానెట్ మీద పూల చాదర్ ముక్క కట్టించుకు వచ్చాడు. గణేష్ అమ్మవారి గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. దాలయ్య ఫ్లాస్కు నింపుకుని, గ్లాసులు తోముకుని మర్నాటికి సిద్ధమయ్యాడు. ఇల్లలకగానే పండగ కాదని అతనికి ఎవరు చెప్పాలి?

మర్నాడు వేట బాగానే అయింది. కవళ్లు, కానాగంతలు, అడుగున ఒక మంచి కోనెం. పొద్దెక్కేసరికి బోటు కెరటం ఎక్కి వచ్చి ఇసుకలో ముక్కు గుచ్చుకుంది. దాలయ్య దూకి ఒడ్డు వైపు చూశాడు. ఒడ్డున ఆకుపచ్చ జిప్సీ ఒక్కటే ఉంది.

మనుషులు లేరని కాదు. గట్టు మీద ఒకతను వల బాగుచేసుకుంటున్నాడు, బోటు చూసి చెయ్యి ఊపాడు, మళ్లీ వలలోకి తల దించుకున్నాడు. రాత్రి డ్యూటీ దిగిన ఇద్దరు ఎప్పుడూ ఇటు తిరిగేవాళ్లు, ఇవాళ నిశ్చింతగా ఇంటి దారి పట్టారు. కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందె తలకెత్తుకుంటూ చూసి, బండి కొనుక్కున్నాడు కదమ్మా, ఇంక మనకి శ్రమ తప్పింది అనుకున్నారు. అందులో ద్వేషం లేదు. పాపం, వాళ్లు అతని కోసం సంతోషించారు కూడాను. ఏ బండి అయితేనేం, గుమ్మం ముందు బండి ఉన్నవాడికి చెయ్యి అవసరమని ఎవరు అనుకుంటారు? ఇన్ని ఆదివారాలు జీపూ జిప్సీ పక్కపక్కన పెట్టి తూచినవాడికి ఈ ఒక్క సంగతి తట్టలేదు.

బండి నడపడం వచ్చినవాడు గణేష్ ఒక్కడే, తాడు తగిలించి స్టార్ట్ చేశాడు. జిప్సీ బోటుని సగం దూరం తెచ్చింది, తడి ఇసుక దగ్గర చక్రాలు తిరగడం మొదలెట్టాయి. దాలయ్య ఒక్కడే వెనక భుజం ఆనించాడు. గణేష్ అద్దంలో చూశాడు. మళ్లీ నొక్కాడు. ఇసుక లేచి దాలయ్య మొహాన పడింది, బోటు మాత్రం ఉన్నచోటే ఉంది. ఒక్క కేక వేస్తే వల కుట్టుకునేవాడు వచ్చేవాడే. ఆ కేక దాలయ్య గొంతు దాకా వచ్చి ఆగింది. తాడుకి పిలుపు లేదు, తాతలు పిలవలేదు, తండ్రి పిలవలేదు.

గణేష్ బండి కట్టేసి దిగాడు. తిట్టలేదు. డ్యూటీకి టైమైపోయిందని, పోటు వస్తే నీళ్లే బోటుని ఎత్తుతాయని, సాయంత్రం వచ్చి లాగుతానని, అందాకా తాడు విప్పొద్దని చెప్పాడు. గట్టెక్కేదాకా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లాడు.

తాడు బిగుసుకుని ఒక కొస డ్రైవరు లేని బండికి, ఒక కొస కదలని బోటుకి ఉంది. మధ్యలో దాలయ్య. ఆకలి తెలియడం లేదు. ఫ్లాస్కు మూత తియ్యబుద్ధి కాలేదు. ఇంత పొడుగు సముద్రపు ఒడ్డు మీద తను ఒక్కడే ఉన్నాడు, ఆ ఒంటరితనం తన చేతులారా కొనుక్కున్నదే. ఇంతకంటే బోటు సముద్రంలోనే ఉండిపోతే బాగుండుననిపించింది.

అప్పుడు చూశాడు, గట్టు దిగి చిట్టమ్మ వస్తోంది. ఇసుక అప్పటికే కాలుతోంది. నాలుగడుగులు వేసి ఆగి, మోకాళ్లు పట్టుకుని, మళ్లీ నాలుగడుగులు వేస్తోంది. బయల్దేరి చాలాసేపే అయి ఉంటుంది. వచ్చీ రాగానే బోటు వెనక్కి వెళ్లి చెయ్యి ఆనించింది. ఎముకలు తేలిన చెయ్యి. దాలయ్య ఆ పక్కనే భుజం పెట్టాడు. బండిలో ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు. అయినా ఊపిరి బిగించి తోశారు. చూసేవాడెవడైనా ఉంటే పిచ్చాళ్లనుకునేవాడు. బోటు వెంట్రుకవాసి కదల్లేదు.

“సిట్టమ్మత్తా, పడిపోతావు. జాగర్త,” అన్నాడు దాలయ్య.

ఆవిడ చెయ్యి తీసి రొప్పుతూ నిలబడింది. దాలయ్య బోటులో వంగి చేపలు తీసి, తడి ఇసుక మీద రెండు కుప్పలు పెట్టాడు. ఒకటి ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ చేపల్ని చూసింది, బోటుని చూసింది.

“బోటు కదల్నేదు కదరా.”

“సెయ్యేసేవు కదా.”

చిట్టమ్మ వంగి, ఒక్కొక్క చేపనీ ఇసుక దులిపి చెంగులో వేసుకుంది, ముడి వేసుకుంది. ఇక ఇంటికి పోతుందనుకున్నాడు దాలయ్య. ఆవిడ పోలేదు. బోటు నీడ ఇసుక మీద జానెడు ఉంది, ఆ నీడలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

“పోటుకి ఇంకా సానా టైముందత్తా,” అన్నాడు.

“ఉండనీ,” అంది చిట్టమ్మ.